పొలమంతా కాఫీ పెట్టొచ్చా? – సమాధానం

"తిండిగింజలు మానేసి పొలమంతా కాఫీ పెడితే, ఆ డబ్బుతో గింజలు కొనుక్కోవచ్చు కదా" అని అడిగారు. మొత్తం మాత్రం పెట్టకండి. మొక్క కాపుకొచ్చేసరికే మూడు నాలుగేళ్లు. అందాకా ఇల్లు గడిచేదెలా? పైగా ధర మన చేతిలో ఉండదు. 1989లో ఏ దేశం ఎంత కాఫీ ఎగుమతి చేయాలో నిర్ణయించే దేశాల మధ్య ఒప్పందం కూలగానే కాఫీ ధర దాదాపు సగానికి పడిపోయింది. చెట్లు పీకేసి మర్నాడే గింజలు పండించలేం కదా! కొనుక్కునే గింజలదీ అదే టెన్షన్: 2008లో కొన్ని నెలల్లోనే ప్రపంచ మార్కెట్లో బియ్యం ధర రెట్టింపు దాటింది.

ఏడాది తిండికి సరిపడా నేల ముందు పక్కన పెట్టి, మిగతాదాంట్లో కాఫీ వేయండి. మొక్కలు చిన్నగా ఉన్నన్నాళ్లూ వరసల మధ్య చిక్కుడు జాతి పంట వేసుకోవచ్చు. పంట డబ్బు అందిన రోజే (అప్పిచ్చినవాడు గుమ్మంలోనే ఉంటాడు) తిండి ఖర్చు విడిగా తీసిపెట్టండి.