కాజీపేట గదిలో పాటల రికార్డింగు: మేనకోడలికి ఒక ఉత్తరం

చి. మేనకోడలికి,

హనుమకొండ నుంచి మీ మామ ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన ముప్పై వేల రూపాయలతో పాటలు రికార్డు చేసుకోవడానికి ఏ మైకు కొనాలని అడిగావు. మైకు సంగతి తర్వాత చెబుతాను, బిడ్డా. ముందు గది గురించి మాట్లాడాలి.

పదిహేనేళ్ల కిందట నేనూ మైకుతోనే మొదలుపెట్టాను. దుకాణంలో చెప్పిన మాట నమ్మి, ఉన్న డబ్బంతా సన్నని చప్పుడునూ పట్టే ఒక కండెన్సర్ మైకు మీద పెట్టి, షాబాదు బండలు పరిచిన పాత ఇంటి ముందు గదిలో మీ అమ్మమ్మ చేత పదకొండు బతుకమ్మ పాటలు పాడించాను. ఎండాకాలం కావడంతో ఆమెకు చెమటలు పడుతున్నాయని పంకా ఆపలేదు. ఆ రికార్డింగులో ఆమె ‘ఉయ్యాలో’ అని ఊపిరి వదిలే ప్రతి చోటా గోడల మోత, దాని వెనుక పంకా గరగర వినిపిస్తాయి. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో ఆ గరగర తీసేయబోతే, ఆమె గొంతులోని జీర కూడా దానితో పాటే పోయింది. మళ్లీ పాడించుకుందామంటే ఇప్పుడు ఆమె లేదు.

నీ గదికి రెండు ఇబ్బందులున్నాయి. వాటిని ఒకటిగా చూడకు. మొదటిది బయటి చప్పుడు. సికింద్రాబాదు లైను, బల్లార్షా–విజయవాడ లైను కలిసే జంక్షను పక్కన ఉంటూ రైలు కూత రాకుండా ఆపడం ఈ డబ్బుతో అయ్యే పని కాదు. దానికి బరువైన గోడలు, సందు లేని తలుపులు కావాలి. గోడకు అంటించే ఫోమ్ ఆ కూతను ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకు. రైళ్ల మధ్య దొరికే వ్యవధిలో పాడడం, కూత పడిన చరణాన్ని మళ్లీ పాడడం తప్ప వేరే దారి లేదు.

రెండవది నీ గొంతే గోడలకు తగిలి తిరిగి రావడం. దీనిని మాత్రం తక్కువ ఖర్చుతో చాలావరకు అదుపు చేయవచ్చు. పలుచని ఫోమ్ పై స్థాయి ధ్వనులను మాత్రమే మింగుతుంది. కోడిగుడ్ల అట్టలు అంతకంటే తీసికట్టు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ దర్రీలు కొత్తవాడలో నేరుగా నేతగాళ్ల దగ్గరే దొరుకుతాయి. రెండు దర్రీలను ఒకదానిపై ఒకటి వేసి, గోడకు అతికించకుండా బెత్తెడు దూరంలో తాడు కట్టి వేలాడదీయి. గోడను ఆనుకున్న గాలి దాదాపు కదలదు, కదిలే గాలిలో ఉన్న బట్టే ధ్వనిని మింగుతుంది కనుక ఆ బెత్తెడు ఖాళీయే అసలు పని చేస్తుంది. కార్డియాయిడ్ రకం మైకు ఎదుటి నుంచి, అంటే నీ వైపు నుంచి, వచ్చేదాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి, పాడేటప్పుడు నీ వీపు వెనుక ఇంట్లోని పత్తి పరుపును నిలబెట్టు. తర్వాత చప్పట్లు కొట్టి చూడు. ‘టంగ్’ మనే మోత ఆగేదాకా మైకు మీద పైసా ఖర్చు పెట్టవద్దు.

అలాంటి గదికి కండెన్సర్ కంటే, అంత సున్నితం కాని డైనమిక్ మైకు మేలని నా గట్టి అభిప్రాయం. కండెన్సర్ సున్నితమైనది; గొంతుతో పాటు వీధిని కూడా అంతే శ్రద్ధగా వింటుంది. 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్ఎమ్58 వంటి మైకు ముందు నాలుగు వేళ్ల దూరంలో పాడితే గొంతు ముందుకు వస్తుంది, గది వెనక్కి పోతుంది. దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. మరీ దగ్గరైతే మంద్రం ఉబ్బుతుంది కనుక ఊపిరి దెబ్బను ఆపే జల్లెడ లాంటి పాప్ ఫిల్టర్ పెట్టుకుని ఆ దూరాన్ని పాటించు. వీడియోల్లో అందరి ముందూ కనిపించే షూర్ వారి ఎస్ఎమ్7బీ మైకు జోలికి పోకు; ధర ఒకటే కాదు, దానికి 60 డెసిబెళ్ల దాకా గెయిన్, అంటే ధ్వనిని పెంచే బలం, కావాలి.

నేరుగా కంప్యూటరుకు తగిలించే యూఎస్‌బీ మైకు చవకే గానీ, నీ స్నేహితుడు డప్పు కొడతాడన్నావు కదా, రెండు మైకులు పట్టే ఇంటర్‌ఫేస్, అంటే మైకు ధ్వనిని కంప్యూటరుకు అందించే పెట్టె, కావాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోలో మైకు ఇన్‌పుట్ ఒక్కటే ఉంటుంది, 2ఐ2లో రెండుంటాయి. పెట్టె మీది పేరు చూసి మోసపోకు. కండెన్సర్ మైకుకు కేబులు గుండా కరెంటు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉన్నది తీసుకుంటే, రేపు కండెన్సర్ కొన్నా ఇంటర్‌ఫేస్ మార్చనక్కర ఉండదు. డబ్బులో సగానికి దగ్గరగా దీనికీ, తర్వాతి వాటా మైకుకూ, మిగిలింది చెవులను మూసివేసే హెడ్‌ఫోన్లకూ, స్టాండుకూ, మైకును ఇంటర్‌ఫేస్‌కు కలిపే మంచి ఎక్స్ఎల్ఆర్ కేబులుకూ పెట్టు. రెండో మైకును మొదట్లో అద్దెకు తెచ్చుకోవచ్చు. స్పీకర్లు ఇప్పుడు వద్దు. పదడుగుల గదిలో 56 హెర్ట్జ్ చుట్టుపక్కల మంద్రం ఒక చోట గుమ్మని, ఇంకో చోట మాయమై నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు అక్కరలేదు, ఆడాసిటీ ఉచితం.

24 బిట్లలో రికార్డు చేస్తూ, గట్టిగా పాడినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా గెయిన్ పెట్టు. డప్పుకు ఇంకా ఖాళీ వదలాలి. సెగకు కాచిన డప్పు, నీవు లెవెల్ చూసుకుంటూ కూర్చుంటే చల్లబడి శ్రుతి దిగిపోతుంది. అందుకే లెవెల్ ముందే చూసుకుని, కాచిన తర్వాత గట్టిగా పలుకుతుందని లెక్క వేసుకుని, వెంటనే పాట ఎత్తుకోండి. హెడ్‌ఫోన్లలో సన్నని హోరు వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడు; హోరు ఆగితే తప్పు మైకుది కాదు, చార్జర్‌దో ఇంటి ఎర్తింగ్‌దో. కరెంటు పనివాణ్ని పిలిచి ముందు ఎర్తింగ్ చూపించు.

ఏదీ కొనకముందు ఒక పని చేయి. నీ ఫోనును పాడే చోట పెట్టి, పంకా ఆపి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పదకొండుకు ఒకసారి నిమిషం చొప్పున ఖాళీ గదిని రికార్డు చేసి నాకు పంపు. అవి విన్నాక ఆదివారం నేనే వస్తాను, కలిసి కొత్తవాడకు వెళ్దాం.

మీ మామ