గాలం సీసం ఒడ్డుకు కొట్టుకొస్తోందా?

ప్రశ్న: పిల్లలకు మత్స్యదర్శిని అక్వేరియం చూపించి, భీమిలి తీరంలో గాలం వేద్దామనుకుంటున్నాం. మా గాలం సీసాన్ని (దారానికి కట్టే బరువును) అలలు ఒడ్డుకు తోసేస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: గుండ్రటి సీసం ఇసుకలో దొర్లుతుందండీ. పిరమిడ్ ఆకారంలో 80–100 గ్రాములది కట్టండి, అది ఇసుకలో దిగబడుతుంది. విసిరాక దారం బిగించి, కర్ర కొన నిటారుగా ఉంచండి. దారం కిందికి ఉంటే అలలు దాన్ని లాగి సీసాన్ని పెకలిస్తాయి. రెండు నురగ పట్టీల మధ్య నీరు ముదురుగా కనిపించేచోట లోతు ఎక్కువ, అక్కడే వేయండి. పోటు ఎక్కే రెండు గంటలు మంచి సమయం. విసురుకు ఎరగా గుచ్చిన రొయ్య ఊడిపోకుండా సన్నని ఎలాస్టిక్ దారం చుట్టండి.

జెల్ల చేప పడితే పిల్లల్ని ముట్టనివ్వద్దు. వీపు మీద, పక్కల ఉండే ముళ్లలో విషముంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి, ఆసుపత్రికి వెళ్లండి. పిల్లలు తడి ఇసుక దాటి దిగకూడదు. గవ్వలు ఏరేటప్పుడు లోపల పీత ఉందేమో చూసి, ఉంటే అక్కడే వదిలేయమనండి.