కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా బ్రోకరు లోడు ఎందుకివ్వడు?

"మాకు ఒక్కటే లారీ. ఆర్సీ, నేషనల్ పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ అన్నీ కరెక్టుగా ఉన్నాయి. అయినా బయట రాష్ట్రంలో లోడు ఇప్పించే బ్రోకర్లు నమ్మడం లేదు. ఇంకేం చూపించాలి?" అని ఒక లారీ ఓనరు అడిగారు.

మాకు రెండు బండ్లున్నాయి. ఒకటి పది టైర్లది, ఒకటి పన్నెండు టైర్లది. విజయవాడ ఆటోనగర్ మా అడ్డా. నాన్న ఇరవై ఎనిమిదేళ్లు ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో డ్రైవరుగా చేశాక, ఫైనాన్స్‌లో మొదటి బండి తీసుకున్నాం. మీరు ఎన్ని కాగితాలు చూపించినా చాలదు. కాగితం బండిని చూపిస్తుంది, మనిషిని చూపించదు. అంతకంటే పెద్ద సంగతి ఏంటంటే, నమ్మించడానికి మనం పంపే ఆ కాగితాలే మన కొంప ముంచుతున్నాయి. మాకు జరిగింది చెబుతాను.

2023లో పది టైర్ల బండి గుంటూరు నుంచి మిర్చి వేసుకుని నాగపూర్ కలమనా మార్కెట్‌కి వెళ్లింది. సరుకు దింపడం అయిపోయింది. రిటర్న్ లోడు కోసం డ్రైవరు బాబాయి అక్కడి బ్రోకరు దగ్గరికి వెళ్లాడు. విజయవాడకి కందిపప్పు ఉందన్నాడు బ్రోకరు, కిరాయి కూడా మాట్లాడుకున్నారు. బండి నంబరు చెప్పగానే ఫోను తీసి చూసి, మొహం మార్చేశాడట. "ఈ బండికి లోడు లేదు, ముందు ఇక్కడి నుంచి తీసెయ్" అన్నాడట.

బాబాయి నాకు ఫోన్ చేశాడు. "ఏరా అబ్బాయ్, మన బండి మీద ఏదో మచ్చ ఉందంటున్నారు, నాకేం అర్థం కావట్లేదు" అన్నాడు. ఆయన గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు. బ్రోకరుని బతిమాలితే ఆ మెసేజ్ నాకు ఫార్వర్డ్ చేశాడు. బ్రోకర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది అది. రాయపూర్ దగ్గర మా నంబరు బండి స్టీలు లోడు ఎత్తుకుని పార్టీకి చేరలేదు, డ్రైవరు ఫోను స్విచాఫ్, ఎవరూ లోడు ఇవ్వొద్దు అని ఉంది. కింద మా ఆర్సీ ఫొటో.

ఆ ఫొటో చూసి నా ఒళ్లు చల్లబడిపోయింది. కార్డు మూలన పట్టుకున్న బొటనవేలు నాది. గోరు సగం నల్లగా ఉంది. ఆ సంవత్సరం సంక్రాంతికి ముందు టైరు మారుస్తుంటే వీల్ రాడ్ జారి తగిలిన దెబ్బ అది. ఆ గోరు ఊడిపోయి కొత్తది వచ్చి కూడా నెలలైంది. అంటే ఆ జనవరిలో లోడు కోసం నేనే తీసి, నేనే పంపిన ఫొటో. వాట్సాప్ వెనక్కి తిప్పి చూస్తే పద్నాలుగు మందికి పంపాను. అందులో ఎవరి దగ్గర నుంచి ఎవరికి పోయిందో ఎలా తెలుస్తుంది? ఎవడో మా నంబరు ప్లేటు రాయించి ఇంకో బండికి బిగించి, మా ఆర్సీ చూపించి లోడు ఎత్తేశాడు. బండ్ల వివరాలుండే ప్రభుత్వ రికార్డు వాహన్‌లో మా నంబరు ఉంది కాబట్టి, సరుకు రవాణాకి కావాల్సిన ఈ-వే బిల్లు కూడా ఆ నంబరు మీద హాయిగా వచ్చేసింది. గేటు దగ్గర బండి మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబరు చూసినవాడు ఒక్కడూ లేడు.

అప్పుడు మమ్మల్ని కాపాడింది ఆర్సీ కాదు, పర్మిట్ కాదు. ఫాస్టాగ్. బ్యాంకు యాప్‌లోంచి స్టేట్‌మెంట్ తీశాను. రాయపూర్‌లో స్టీలు లోడయిన రాత్రి మా బండి బియ్యం వేసుకుని హైదరాబాద్ పోతోంది. 11.40కి చిల్లకల్లు, 1.25కి కొర్లపహాడ్, 2.40కి పంతంగి. మూడు టోల్ ప్లాజాల్లో డబ్బులు కట్ అయిన టైములతో సహా ఉంది. తర్వాత వీడియో కాల్‌లో బాబాయి బండి కిందికి వంగి, డీజిల్ గుడ్డతో గ్రీజు తుడిచి ఛాసిస్ నంబరు చూపించాడు. ఫిట్‌నెస్‌కి బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసినట్టు ఒక్కో అంకె చదివించుకుని ఆర్సీతో సరిపోల్చుకున్నాడు బ్రోకరు. అన్నీ సరిపోయాయి.

అయినా లోడు ఇవ్వలేదండీ! "మీది నిజమే కావచ్చు, నాకెందుకు రిస్కు" అన్నాడు.

మూడు రోజులు బండి అక్కడే ఆగిపోయింది. ఖాళీగా తిరిగొస్తే డీజిలు, టోలు కలిపి పాతిక వేలు మన జేబులోంచే. చివరికి నాన్న వెనకటి ఓనరు, డెబ్బై ఏళ్ల పెద్దాయన, నాగపూర్‌లో తనకు తెలిసిన ఇంకో ఆఫీసుకి ఫోన్ చేసి "వీడు మా పిల్లాడే, పూచీ నాది" అన్నారు. రెండు నిమిషాల మాట. సాయంత్రానికి కందిపప్పు లోడయింది. అది కూడా కిరాయిలో 80 శాతం ఇచ్చే చోట 50 శాతమే అడ్వాన్సు. మిగతాది పీఓడీ, అంటే సరుకు అందినట్టు సంతకం చేసిన రసీదు, చేతికి అందాక 22 రోజులకి వేశారు. పూచీ పడే పెద్దమనిషి లేని కొత్త ఓనరు ఏం కావాలి? మీ ప్రశ్న చదవగానే నాకు ముందు గుర్తొచ్చింది ఇదే.

మాలాంటి వాళ్లకి ఇంకో తిప్పలు కూడా ఉంది. ఇదివరకు నంబరు ప్లేటు మీద ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా, ఏపీ 7 అంటే గుంటూరు అని ఏ రాష్ట్రంలో ఉన్న పాత బ్రోకరైనా చెప్పేసేవాడు. "ఓ, బెజవాడ బండా" అని ఆ ఊళ్లో తెలిసినవాళ్లకి ఒక ఫోన్ కొట్టి కనుక్కునేవాడు. 2019లో కొత్త బండ్లకి జిల్లా నంబర్లు తీసేసి రాష్ట్రమంతా ఒకే ఏపీ 39 పెట్టారు. ఇచ్ఛాపురం బండైనా, హిందూపురం బండైనా నంబరు చూస్తే ఒకటే. చిన్న ఓనరుకి నంబరు ప్లేటే విజిటింగ్ కార్డు, దాన్ని తీసేశారు.

ఇక నన్ను నిజంగా మండించే సంగతి. ఆర్సీ, ఓనరు పాన్, ఆధార్, డ్రైవరు లైసెన్సు, క్యాన్సిల్డ్ చెక్కు, బండి ముందు నిలబడి డ్రైవరు ఫొటో అన్నీ మనం పంపాలి. బ్రోకరు మనకేం పంపుతాడు? దేవుడి బొమ్మ ఉన్న విజిటింగ్ కార్డు. 2007లో వచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టంలో బ్రోకరు, బుకింగ్ ఏజెంటు కూడా కామన్ క్యారియర్ (కిరాయికి సరుకు రవాణా చేసే వ్యాపారి) కిందికే వస్తారని, రిజిస్ట్రేషన్ లేకుండా ఆ వ్యాపారం చేయకూడదని స్పష్టంగా ఉంది. నేను ఇప్పటిదాకా ముప్పై మందినైనా ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ఉంటాను. ఇద్దరు చూపించారు. మిగతావాళ్లు "లోడు కావాలా, చట్టం కావాలా" అన్నారు. కిరాయిలోంచి ముందే కోసుకునే పన్ను, టీడీఎస్ కూడా అంతే. పది బండ్లు, అంతకన్నా తక్కువ ఉన్న ఓనరు పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కోయక్కర్లేదు. కాగితం ఇచ్చినా కోస్తారు, కోసింది మన పాన్‌లో కనపడదు. మోసం చేసేవాడు చిన్న ఓనరే అని ఈ లైన్లో అందరూ ముందే రాసిపెట్టుకున్నారు. నేను చూసినంతలో బ్యాలెన్సు ఎగ్గొట్టిన బ్రోకర్లే ఎక్కువ, లోడు ఎత్తుకుపోయిన ఓనర్లు కాదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెబుతాను, మీకు పనికొస్తుంది. ఆర్సీ ఫొటో ఊరికే పంపను. మీద అడ్డంగా బ్రోకరు పేరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి లోడో రాసి పంపుతాను, ఇంకోచోట వాడుకోవడానికి వీల్లేకుండా. లోడు ఖాయం అయ్యేదాకా ఆధార్ ఇవ్వను. నమ్మకం లేదంటే వీడియో కాల్ చేయమంటాను. బండి నంబరు, ఛాసిస్, డ్రైవరు మొహం, వెనక ఆ ఊరి బోర్డు ఒకే కాల్‌లో చూపిస్తాం. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ప్రతి నెలా పీడీఎఫ్ చేసి దాస్తాను. ఒక ఊళ్లో ఒకే ఆఫీసుకి రెండు మూడు ట్రిప్పులు కిరాయి కాస్త తగ్గినా వెళ్తాను. అక్కడివాళ్లు మొహం గుర్తుపడితే ఆ ఊరికి మళ్లీ పూచీ అక్కర్లేదు.

రాయపూర్ కేసులో అక్కడి పోలీసులు ఫోన్ చేస్తే టోలు వివరాలన్నీ పంపి, స్టేట్‌మెంట్ ఇచ్చి వచ్చాను. మా బండికి సంబంధం లేదని తేలింది. అయినా ఆ మెసేజ్ ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్న హోసూరులో కూడా ఒకాయన బాబాయికి అదే చూపించి నిలదీశాడట. బాబాయి ఇప్పుడు ఆ రాత్రి టోలు కాగితం ప్రింటు తీయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, డాష్‌బోర్డులో దుర్గమ్మ ఫొటో పక్కన పెట్టుకున్నాడు. ఎవరైనా ఆర్సీ అడిగితే ముందు అది తీసి చూపిస్తాడు.

మీ బండి ఏ రూటులో తిరుగుతుందో రాయండి. నాగపూర్, ఇండోర్ వైపైతే నాకు తెలిసిన ఆఫీసులు ఉన్నాయి, నేను మాట్లాడతాను.