సర్వీసు బిల్లుల్లేవని వారంటీ ఇవ్వమంటున్నారు

ప్రశ్న: మా అమ్మకు కీళ్ల నొప్పులు. చలికాలం వేడి గాలి, ఎండాకాలం చల్లగాలి ఇస్తుందని మూడున్నరేళ్ల కిందట హాట్ అండ్ కోల్డ్ ఏసీ కొన్నాం. కంప్రెసర్‌కు 10 ఏళ్ల వారంటీ. మొదటి ఏడాదే చల్లదనం తగ్గితే కంపెనీ మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి వెళ్లాడు. తర్వాత తెలిసిన మెకానిక్‌తో సర్వీసింగ్ చేయించాం, బిల్లులు తీసుకోలేదు. 14 నెలల కిందట కంప్రెసర్ పోయింది. సర్వీసింగ్‌కు రుజువు లేదంటూ కంపెనీ వెంటనే వారంటీ నిరాకరించింది. అప్పటి నుంచి మెయిల్స్ పెడుతూనే ఉన్నాం. అమ్మ పడిన బాధకు పరిహారం కావాలి. మా మెకానిక్ పాత తేదీలతో బిల్లులు రాసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ బిల్లులు ముట్టుకోకండి. వినియోగదారుల కమిషన్‌లో కేసు నడిచేది ప్రధానంగా అఫిడవిట్లు, పత్రాల మీదే. దొంగ బిల్లు జతచేసి, అంతా నిజమని ప్రమాణం చేయాల్సింది మీరే. అది బయటపడితే మీ అసలు కాగితాలనూ ఎవరూ నమ్మరు. పైగా భారతీయ న్యాయ సంహిత ప్రకారం నకిలీ పత్రం తయారుచేయడం 336 సెక్షన్ కింద, దాన్ని అసలుదిగా వాడటం 340 సెక్షన్ కింద నేరాలు.

నిజానికి మీ కేసు నిలబడటానికి ఆ బిల్లులు అక్కర్లేదు. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయమే దీన్ని తేలుస్తుంది: మొదటి ఏడాదే కంపెనీ మెకానిక్ గ్యాస్ నింపాడు. ఏసీలో గ్యాస్ వాడేకొద్దీ అయిపోయేది కాదు. మూసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టుకుని, సరిచేసి, ప్రెషర్ టెస్ట్ చేసి, పైపుల్లోని గాలిని పూర్తిగా లాగేశాకే (వాక్యూమ్ చేశాకే) నింపాలి. ఊరికే నింపి వెళ్తే మళ్లీ కారిపోతుంది. గ్యాస్ చాలక కంప్రెసర్ వేడెక్కి దెబ్బతింటుంది. మీది హాట్ అండ్ కోల్డ్ కాబట్టి దానికి చలికాలంలోనూ విశ్రాంతి లేదు. లీకు వెతకకుండా గ్యాస్ నింపి ఉంటే అది కంపెనీ సేవాలోపం.

ఇక సర్వీసింగ్ సంగతి. ఫిల్టర్లు, కాయిల్స్ మురికి పడితే కంప్రెసర్ మీద భారం పెరిగే మాట నిజం. 10 ఏళ్ల వారంటీ ఉన్న యంత్రానికి బిల్లు లేకుండా పని చేయించడం మీ తప్పే, అందులో వాదనకు తావు లేదు. అయితే సర్వీసింగ్ అన్నది వారంటీ కార్డులో షరతుగా ఉందా, మాన్యువల్లో సలహాగా ఉందా చూడండి. షరతుగా లేకపోతే కంపెనీ చెప్పిన కారణం నిలవడం కష్టం. ఉన్నా, కంప్రెసర్ పోయింది మురికి వల్లే అని చూపించమని మనం గట్టిగా అడగవచ్చు. మీ మెకానిక్ ఎప్పుడైనా గ్యాస్ నింపాడా? ఆ సంగతి మీరు రాయలేదు. నింపి ఉంటే మీ లాయరుకు మొదటి రోజే చెప్పండి. బయటివాళ్లు గ్యాస్ లైన్ విప్పారన్నదే కంపెనీకి గట్టి వాదన అవుతుంది.

మొదటి ఏడాది జాబ్ షీట్ (మెకానిక్ చేసిన పని రాసిచ్చే కాగితం), కాల్ నమోదైన ఎస్సెమ్మెస్, వారంటీ కార్డు, నిరాకరించిన మెయిల్ వెతికి పెట్టండి. మెసేజ్‌లున్న ఫోన్ మార్చకండి. వాటి ప్రింట్లతో, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ జతచేయండి. పైపు జాయింట్ల దగ్గర నూనె మరకలు లీకుకు గుర్తు, తేదీ పడేలా ఫొటోలు తీయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38(2)(సి) కింద యంత్రాన్ని పరీక్షకు పంపమని కోరవచ్చు. అందుకు యంత్రం ఇప్పుడున్నట్టే ఉండాలి.

నాకు టెన్షన్ పుట్టించింది మీ మెయిల్స్ సంగతి. అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. ఎన్ని మెయిల్స్ పెట్టినా గడువు ఆగదు. కంప్రెసర్ పోయిన రోజు నుంచే లెక్కేసుకోండి, మీకు మిగిలింది 10 నెలలు. ఆలస్యానికి సరైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, కానీ ఇప్పుడే వెళ్లగలిగిన మీరు దాని మీద ఆశ పెట్టుకోవడం ఎందుకు?

15 రోజుల గడువుతో లాయర్ నోటీసు ఇప్పించండి. జవాబు రాకపోతే మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. అమ్మగారి బాధకు పరిహారం అందులోనే అడగండి, లోపం రుజువైతేనే అది వస్తుంది. ఈలోగా ఆమె కోసం వేరే ఏసీ కొన్నా, పాతదాన్ని విప్పించి ఎక్స్చేంజ్‌కు మాత్రం ఇవ్వకండి.