గండికోట గురించి పది పేజీల సైట్‌కు ఏ సీఎంఎస్ మేలు?

సీఎంఎస్ అంటే సైట్‌లో పేజీలు పెట్టి, దిద్దుకునే సాఫ్ట్‌వేర్. మీరు జమ్మలమడుగు నుంచి గండికోటకు దారి, బస, పెన్నా లోయ ఫొటోలు, ఇంతే పెట్టాలంటున్నారు. ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: రేపు బస్సు టైము మారితే దిద్దేది ఎవరు?

కంప్యూటర్ తెలిసినవాళ్లే అయితే సీఎంఎస్ బదులు హ్యూగో అనే సైట్ తయారీ సాధనం చాలు. మార్క్‌డౌన్‌లో (చిన్న చిన్న గుర్తులతో రాసే మామూలు పాఠం) రాస్తే మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేస్తుంది. డేటాబేస్ ఉండదు, గిట్‌హబ్ పేజెస్ అనే హోస్టింగ్ సేవలో 1 జీబీ లోపు సైట్‌ను ఉచితంగా పెట్టుకోవచ్చు.

నలుగురు దిద్దాలంటే వర్డ్‌ప్రెస్. అది చెడేది ఎక్కువగా ప్లగిన్ల (అదనపు సౌకర్యాల కోసం తగిలించే చిన్న ప్రోగ్రాములు) వల్లే. వాటిని అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే హ్యాకర్లకు తలుపు తీసినట్టే. నాలుగైదుకు మించనివ్వకండి, వారానికోసారి బ్యాకప్ తీసి వేరేచోట దాచండి.

తెలుగు సైట్లకు ఇంకో చిక్కుంది. శీర్షిక తెలుగులో ఉంటే పేజీ చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది. లోపల ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి క్యారెక్టర్లుగా మారతాయి. వర్డ్‌ప్రెస్ పరిమితి 200, అంటే ఇరవై రెండింటికే చిరునామా తెగిపోతుంది. అందుకే ప్రచురించే ముందే స్లగ్‌ను, అంటే చిరునామాలో పేజీ పేరుండే భాగాన్ని, చిన్న ఇంగ్లిష్ పదాలతో మార్చండి. తర్వాత మారిస్తే వాట్సాప్‌లో తిరిగే పాత లింకులు పనిచేయకపోవచ్చు.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన పాఠం నేరుగా అతికిస్తే పిచ్చిగీతలే వస్తాయి. అన్ని ఫోన్లలో, కంప్యూటర్లలో చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు ఒకసారి సరిచూడండి. ఫోన్ ఫొటోలు 1200 పిక్సెళ్ల వెడల్పుకు కుదిస్తే చాలు, కోట దగ్గర సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నా పేజీ తెరుచుకోవాలి కదా.