ఎఫ్‌ఎంలో ఆగిపోయిన శాస్త్రీయ సంగీతం ఊళ్లోకి మళ్లీ ఎలా వస్తుంది?
వస్తుంది, కానీ యాడ్ల డబ్బుతో అంటే కష్టం. అమెరికాలో డెట్రాయిట్‌నే చూడండి. 1997లో అక్కడి 105.1 స్టేషన్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఆపేసి ఫార్మాట్ మార్చేసింది. తిరిగొచ్చింది 2005లో, అదీ పాత నంబర్ మీద కాదు, ఆ ఊరి ప్రభుత్వ పాఠశాలల చేతిలో ఉన్న 90.9 మీద. కిటుకంతా ఇక్కడే: అమెరికాలో ఎఫ్‌ఎంలో 88 నుంచి 92 దాకా నంబర్లు లాభాపేక్ష లేని స్టేషన్లకే కేటాయించారు, కాబట్టి కమర్షియల్ స్టేషన్ కొనడానికి డబ్బు గుమ్మరించకుండా, ఉన్న లైసెన్సునే వాడుకుని శ్రోతల విరాళాలతో నడుపుకోవచ్చు. పగలు శాస్త్రీయం, రాత్రి జాజ్ (జాజ్‌కి పేరున్న ఊరు మరి, ఆ పొత్తు నాకైతే భలే నచ్చింది). ఆన్‌లైన్‌లో వినొచ్చుగా అంటారా? కారులో స్టేషన్లు మారుస్తుంటే అనుకోకుండా చెవిన పడి ఆగిపోయే కొత్త శ్రోత ఆన్‌లైన్‌లో దొరకడు.