ఐపీఏ కొనే ముందు క్యాన్ అడుగున ఉన్న తేదీ చదవండి

సియాటిల్ చుట్టుపక్కల కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు శనివారాల్లో మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, వీసా, కారు బీమా, అద్దె ఇల్లు వంటి సందేహాలన్నీ అయిపోయాక, కొంచెం మొహమాటపడుతూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆఫీసులో అందరూ ఐపీఏ అనే బీరు గురించి అంత గొప్పగా చెబుతారు కదా, మేము కొని తాగితే చేదు తప్ప ఏమీ తెలియలేదు, చివర్లో తడిసిన అట్టముక్క నోట్లో పెట్టుకున్నట్టు అనిపించింది, ఇది మాకు అలవాటు లేకపోవడం వల్లనా?" అని. నేను వెంటనే జవాబు చెప్పకుండా, క్యాన్ మీద తేదీ చూశారా అని అడుగుతాను. చూశామని చెప్పినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఇరవై మూడేళ్ళ క్రితం నేను వచ్చినప్పుడు నన్ను అలా అడిగినవారు కూడా లేరు. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

మన ఊళ్ళలో వైన్ షాపు కిటికీ దగ్గర నిలబడి మనం అడిగేది ఒక్కటే, "కూలింగ్ ఉందా?" అని. అక్కడ ఎక్కువగా అమ్ముడుపోయేది, బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ అనే పువ్వులు తక్కువగా వేసిన లాగర్ బీరు. సీసా మీద తయారీ తేదీ ముద్రించి ఉన్నా దాన్ని చదివి కొనే అలవాటు మనకు లేదు. దానికి తోడు, మందు ఎంత పాతబడితే అంత మంచిదనే నమ్మకం ఒకటి మనలో బలంగా ఉంది. ఆ నమ్మకం విస్కీ నుంచి వచ్చింది. నిజానికి విస్కీ కూడా చెక్క పీపాలో ఉన్నంతకాలమే పండుతుంది గాని, సీసాలోకి దిగాక కాదు. ఆవకాయ ఊరితేనే రుచి, కొత్తిమీర పచ్చడి మాత్రం నూరిన పూటే తినాలి. హాప్స్ ఎక్కువగా వేసిన బీరు ఈ రెండో జాతికి చెందింది.

ఎందుకలా అన్నది నాకు పుస్తకంలో చదివినప్పటికంటే యాకిమా లోయకు వెళ్ళినప్పుడు బాగా అర్థమైంది. సియాటిల్ నుంచి తూర్పుగా కొండలు దాటి సుమారు 230 కిలోమీటర్లు వెళితే ఆ లోయ వస్తుంది. అమెరికాలో పండే హాప్స్‌లో అధికభాగం అక్కడిదే. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు అంతా కోత. పద్దెనిమిది అడుగుల ఎత్తున కట్టిన తీగల మీదికి పాకిన ఆ తోటల్లో నడుస్తుంటే నాకు మన కోస్తా జిల్లాల తమలపాకు తోటలు గుర్తుకొచ్చాయి. ఒక రైతు అనుమతితో పచ్చటి హాప్ పువ్వు ఒకటి తెంపి, రెండు అరచేతుల మధ్య గట్టిగా నలిపాను. రేకుల మొదళ్ళలోంచి పసుపులాంటి పొడి వచ్చి చేతులకు జిగురుగా అంటుకుంది. ముందు దబ్బకాయ తొక్క గిల్లినప్పటి వాసన, తరవాత మామిడి జీడి వాసన, ఆ వెనక ఎక్కడో దేవదారు చెక్క వాసన వచ్చాయి. అయితే కారు దాకా నడిచి, దారిలో ఒకరితో కాసేపు మాట్లాడి, మళ్ళీ అరచేతులు వాసన చూసుకుంటే దబ్బకాయ పోయింది. చేదు మాత్రం వేళ్ళకు అంటుకునే ఉంది. బీరు సీసాలో నెలల తరబడి జరిగేది ఇదే.

ఆ పసుపు పొడిని లుపులిన్ అంటారు. అందులో ప్రధానంగా రెండు రకాల పదార్థాలు ఉంటాయి. ఒకటి ఆల్ఫా ఆమ్లాలు. బీరు మరిగేటప్పుడు ఇవి రూపం మార్చుకుని చేదునిస్తాయి. రెండోది తేలికగా ఆవిరైపోయే నూనెలు, వాసనంతా వీటిదే. మరిగే నీళ్ళలో నూనెలు నిలవవు కాబట్టి, ఐపీఏ చేసేవారు పులియబెట్టడం పూర్తయ్యాకో, చివరి దశలోనో, చల్లబడిన బీరులో మళ్ళీ హాప్స్ వేసి నానబెడతారు. దీన్ని డ్రై హాపింగ్ అంటారు. అంత ఖర్చుపెట్టి ఎక్కించిన వాసన క్యాన్ మూసిన రోజు నుంచే తగ్గడం మొదలవుతుంది. లోపల మిగిలిన కాస్త ఆక్సిజన్ దీనికి ప్రధాన కారణం. మంచి బ్రూవరీలు, అంటే బీరు తయారుచేసే సంస్థలు, ఆ ఆక్సిజన్‌ను వందకోట్ల వంతుల్లో ఎన్ని వంతులని కొలిచి మరీ తగ్గిస్తాయి, అయినా పూర్తిగా తీసేయడం సాధ్యం కాదు. సీసా అయితే మూత లోపలి పొర హాప్స్ నూనెలను కొంత పీల్చుకుంటుంది, బయటి గాలిని కూడా చాలా నెమ్మదిగా లోపలికి రానిస్తుంది. అందుకే రెండూ ఒకే తేదీవి అయితే నేను క్యానే తీసుకుంటాను.

పాతబడిన ఐపీఏలో ముందుగా పోయేది పండ్ల వాసన. తరవాత చేదులోని పదును మొద్దుబారి, ఇంతకాలం హాప్స్ చాటున ఉన్న మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి బెల్లం పాకంలా పైకి తేలుతుంది. చివరికి కాగితం, తడి అట్ట వాసన వస్తుంది. మామిడిరసంలా మబ్బుగా ఉండే హేజీ ఐపీఏ అయితే రంగు కూడా చెబుతుంది: కోసి వదిలేసిన యాపిల్ ముక్క నల్లబడినట్టు, పసుపు నుంచి మట్టిరంగులోకి దిగుతుంది. అలాంటి బీరు తాగితే జబ్బు చేయదు, దాన్ని పాడైన ఆహారంలా భయపడనక్కరలేదు. కానీ మీరు డబ్బు పెట్టి కొన్నది ఏదో, అది అందులో లేదు.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్ కదా, ఇంగ్లండు నుంచి మన దేశానికి ఓడల్లో వచ్చిన బీరు కదా, నాలుగైదు నెలల ప్రయాణం తట్టుకున్న బీరు మూడు నెలలకే పాతబడిందంటే ఎలా అని. లండన్ తూర్పున బో అనే చోట ఉన్న హాడ్జ్‌సన్ బ్రూవరీ బీరు, ఆ తరవాత బర్టన్ పట్టణపు బ్రూవరీల బీరు ఆఫ్రికా చుట్టూ తిరిగి కలకత్తాకూ మద్రాసుకూ వచ్చిన మాట నిజమే. కానీ ఆ బీరులో హాప్స్ ఎక్కువ వేసింది బీరు పులిసిపోకుండా కాపాడటానికి. హాప్స్ చేదుకు కొన్ని రకాల బాక్టీరియాను అణచే గుణం ఉంది. మద్రాసులో పీపా తెరిచిన దొర కోరుకున్నది పులవని, తేటగా ఉన్న చేదు బీరు. ఇప్పుడు మనం కోరుకునేది దబ్బకాయ, మామిడి వాసన. పేరు ఒకటే అయినా పని వేరు. ఇప్పటి అమెరికన్ ఐపీఏకు దారి వేసిన క్యాస్కేడ్ అనే హాప్ రకం విడుదలైందే 1972లో.

ఇక తేదీ చదవడం ఎలాగో చెబుతాను, ఎందుకంటే కొత్తవారు తప్పటడుగు వేసేది ఇక్కడే. అమెరికా ఫెడరల్ చట్టం బీరు మీద తయారీ తేదీ వేయమని నిర్బంధించదు. అందువల్ల ఒక్కో బ్రూవరీ ఒక్కో పద్ధతి పాటిస్తుంది. క్యాన్ అయితే తలకిందులు చేసి అడుగున చూడండి. సీసా అయితే మెడ మీద గాని, లేబుల్ అంచున గాని, అట్టపెట్టె పక్కన గాని ఉంటుంది. "క్యాన్‌డ్ ఆన్", "బాటిల్డ్ ఆన్", "ప్యాకేజ్‌డ్ ఆన్" అని ఉంటే అది నింపిన తేదీ; మనకు కావలసింది అదే. "బెస్ట్ బై" అని ఉంటే అది గడువు తేదీ. ఈ రెండింటినీ కలగలిపి, నింపిన తేదీని గడువు తేదీ అనుకుని మంచి బీరును అరలో వదిలేసి వచ్చినవారూ ఉన్నారు, గడువు ఇంకా నెల ఉందని ఐదు నెలల పాత బీరును ఇంటికి తెచ్చుకున్నవారూ ఉన్నారు. 03/04 అని ఉంటే అమెరికాలో అది మార్చి 4, మన అలవాటు ప్రకారం ఏప్రిల్ 3 కాదు. యూరప్ నుంచి వచ్చిన సీసా మీద మాత్రం మనలాగే రోజు ముందు ఉంటుంది. కొన్ని బ్రూవరీలు సంవత్సరంలో ఎన్నో రోజో ఆ అంకె వేస్తాయి. 245 అని ఉంటే లీపు సంవత్సరం కానప్పుడు అది సెప్టెంబరు 2. అసలు తేదీయే లేని ఐపీఏను నేను కొనను, ఎంత పేరున్న బ్రూవరీదైనా సరే.

నింపిన నాటి నుంచి నెల లోపల ఉంటే సందేహించకుండా తీసుకోండి. రెండు నెలలంటే, ఫ్రిజ్‌లో ఉంచి అమ్ముతున్న దుకాణంలో అయితే ఫరవాలేదు. మూడు నెలలు దాటితే నేను వదిలేస్తాను. చాలా బ్రూవరీలు తమ ఐపీఏకు మూడు నాలుగు నెలల గడువు పెట్టుకుంటాయి గాని, అది అమ్మకానికి పెట్టుకున్న హద్దు, రుచికి కాదు. ఈ విషయంలో పట్టుదలగా ఉన్న బ్రూవరీలూ ఉన్నాయి. కాలిఫోర్నియాలోని స్టోన్ బ్రూయింగ్ 2012లో "ఎంజాయ్ బై" అని ఒక ఐపీఏ తెచ్చి, ఏ తేదీ లోపల తాగాలో దాన్నే బీరు పేరులో పెద్ద అక్షరాలతో పెట్టింది. గడువు 37 రోజులే. అదే రాష్ట్రంలోని రష్యన్ రివర్ బ్రూవరీ వారి ప్లినీ ది ఎల్డర్ సీసా లేబుల్ అంచులు చదివితే, దాచుకోవద్దు, తాజాగా తాగండి అని పదేపదే చెబుతుంటుంది. ఇంగ్లండులో చదువుకుంటున్న మన విద్యార్థులకు మాత్రం వేరే చిక్కు ఉంది. అక్కడ పది శాతం లోపు ఆల్కహాలు ఉన్న బీరు మీద "బెస్ట్ బిఫోర్" తప్పనిసరి గాని, ఆ గడువు ఎంతకాలమన్నది తయారీదారు ఇష్టం. కాబట్టి అరలో ఉన్న అదే బీరు క్యాన్లను పోల్చి, అన్నిటికంటే దూరపు గడువు ఉన్నది తీసుకోండి.

తేదీ తరవాత చూడవలసింది వేడి. బీరు రంగంలో 3, 30, 300 అని ఒక లెక్క చెబుతారు: 32 డిగ్రీల వేడిలో మూడు రోజులు, 22 డిగ్రీల గదిలో ముప్పై రోజులు, 3 డిగ్రీల చల్లదనంలో మూడు వందల రోజులు బీరును సుమారుగా ఒకే మేరకు పాతబరుస్తాయి. ఇది కచ్చితమైన సూత్రం కాదు, కానీ దిశ సరైనది. దుకాణం మధ్యలో గుట్టగా పేర్చి, తగ్గింపు ధర చీటీ అంటించిన ఐపీఏ పెట్టెలను మీరు ఈ లెక్కతో చూడండి. నా మొదటి వేసవిలో అలాంటి గుట్టలోంచి ఇరవై నాలుగు సీసాల కేసు కొన్నాను. దాన్ని కారు డిక్కీలో పెట్టి, మిత్రుల ఇంటికి వెళ్ళి, సాయంత్రం దాకా ఎండలో వదిలేశాను. ఆ కేసు తాగినన్నాళ్ళూ ఐపీఏ అంటే ఇదే అనుకుని, తరవాత నాలుగేళ్ళు దాని జోలికి పోలేదు. ఆ నాలుగేళ్ళూ పోగొట్టుకున్నట్టే ఇప్పటికీ అనిపిస్తుంది. అన్నట్టు, ఒకసారి చల్లబరిచిన బీరు మళ్ళీ వేడెక్కితే ఆ ఒక్కసారికే పాడైపోతుందని ఇక్కడివారిలో కూడా ఒక అపోహ ఉంది. లెక్కకు వచ్చేది వేడిలో గడిచిన మొత్తం కాలమే గాని, ఎన్నిసార్లు చల్లబడిందన్నది కాదు.

వెలుగు చేసే హాని వేరు. దీనికి నెలలు అక్కరలేదు, ఎండలో నిమిషాలు చాలు. హాప్స్ చేదు పదార్థాలు వెలుగు తగిలి విరిగి, స్కంక్ అనే జంతువు వదిలే దుర్గంధం లాంటి వాసననిస్తాయి. గోధుమరంగు గాజు దీన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ గాజు, తెల్ల గాజు ఆపలేవు, క్యాన్‌కు ఈ బాధే లేదు.

కిందటి అక్టోబరులో, నన్ను బాబాయ్ అని పిలిచే మా ఊరి కుర్రాడు ఒకడు ఇదంతా విని, "నిజంగా అంత తేడా ఉంటుందా బాబాయ్?" అన్నాడు. ఆ రాత్రి కారు తీయవద్దు, ఇక్కడే పడుకో అని ముందే చెప్పి, ఒకే బ్రూవరీ ఒకే ఐపీఏ క్యాన్లు రెండు బల్ల మీద పెట్టాను: ఒకటి తొమ్మిది రోజుల నాటిది, రెండోది మా గ్యారేజీ అరలో మరచిపోయిన ఏడు నెలల నాటిది. ఏ గ్లాసులో ఏది పోశానో చెప్పలేదు. అతను మొదటి గ్లాసు ముక్కు దగ్గరికి తేకముందే, "కమలాపండు ఎవరు ఒలిచారు?" అన్నాడు. రెండోదాన్ని రెండు గుక్కలు తాగి, కాసేపు ఆలోచించి, "ఇదే నేను అప్పుడు తాగింది" అన్నాడు.

కాబట్టి కేసులు కొనకండి, నాలుగు క్యాన్లు చాలు. దుకాణంలో కొత్త సరుకు ఏ రోజు దిగుతుందో అడగండి, వారు సంతోషంగానే చెబుతారు. వీలుంటే బ్రూవరీకే వెళ్ళి తాగండి. గ్రౌలర్‌లో, అంటే బ్రూవరీలో బీరు నింపి ఇచ్చే పెద్ద సీసాలో, పట్టించుకుని తెచ్చుకుంటే రెండు మూడు రోజుల్లో, మూత తీశాక ఆ రోజే పూర్తి చేయాలి. మరీ గడ్డకట్టే చల్లదనంలో వాసన తెలియదు కాబట్టి, ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగి, క్యాన్‌తో కాకుండా గ్లాసులో పోసుకుని తాగండి. సెప్టెంబరులో ఇక్కడి బ్రూవరీలు ఆరబెట్టని పచ్చి హాప్స్‌తో చేసే ఫ్రెష్ హాప్ బీరును మాత్రం వచ్చిన వారంలోనే తాగాలి. డిసెంబరులో అరలో మిగిలి కనిపిస్తే తాకవద్దు.

ఊరికి వెళ్ళేటప్పుడు బావగారికో అన్నయ్యకో మంచి ఐపీఏ పట్టుకెళ్దామన్న కోరిక అందరికీ కలుగుతుంది. నేనూ ఒకసారి నాలుగు క్యాన్లు బట్టల మధ్య చుట్టి హైదరాబాదు తీసుకువెళ్ళాను. మా బావగారు వాటిని ఎంతో అపురూపంగా షోకేసులో పెట్టి, మళ్ళీ నేను వచ్చినప్పుడు కలిసి తాగుదామని పద్నాలుగు నెలలు దాచారు. ఆయన ప్రేమకు ఏమనగలం, ఇద్దరం కూర్చుని తాగాం; అందులో హాప్స్ జాడ లేదు. ఇప్పుడు ఆయనకు ఇంపీరియల్ స్టౌట్ గాని, బార్లీవైన్ గాని తీసుకువెళుతున్నాను. అవి పది శాతం అటూ ఇటూగా ఆల్కహాలు, చిక్కటి మాల్ట్ ఉన్న బీర్లు, ఏడాది రెండేళ్ళు చీకటి అరలో ఉంటే కొన్ని ఇంకా మెత్తబడతాయి. ఐపీఏ కావాలంటే నేను ఊళ్ళో దిగిన సాయంత్రం ఆయన నన్ను దగ్గర్లోని మైక్రోబ్రూవరీకి తీసుకువెళతారు, అక్కడ ట్యాంకు మా బల్లకు ఇరవై అడుగుల దూరంలో ఉంటుంది.